మన పేట మనిషి: సర్ పిట్టి త్యాగరాయ చెట్టి

ఎలవూరు స్టేషనులో పొద్దున్నే లోకల్ బండి ఎక్కితే గుమ్మిడిపూండి, పొన్నేరి, మీంజూరు, ఎన్నూరు, తిరువొత్తియూరు దాటి కొరుక్కుపేట చేరుతుంది. ఈ దారి మన వాళ్లకు కొత్త కాదు. నూలు కోసం పోయినవాళ్లున్నారు, నేసిన బట్ట మూట కట్టుకుని పోయినవాళ్లున్నారు, పెద్దాసుపత్రికి పోయినవాళ్లున్నారు. ఇప్పుడు మన పిల్లలు కాలేజీకి, ఉద్యోగానికి అదే బండిలో పోతున్నారు. కొరుక్కుపేటలో దిగి పాత చాకలిపేట పక్కకు నడిస్తే సర్ త్యాగరాయ కళాశాల వస్తుంది. 2021 నుంచి అక్కడ అదే పేరుతో మెట్రో స్టేషను కూడా ఉంది. దీపావళి వస్తే బట్టలకు టి. నగర్ పోతాం. ఆ టి అనే ఒక్క అక్షరంలో దాగివున్నది కూడా ఆయన పేరే. రిపన్ బిల్డింగు ఆవరణలో నిలబడివున్నది ఆయన విగ్రహమే.

ఇన్ని చోట్ల పేరు కనబడుతున్నా ఆ మనిషి నేత కుటుంబంలో పుట్టినవాడని, ఇంట్లో తెలుగు మాట్లాడినవాడని, మగ్గాన్ని నమ్ముకుని బతికినవాడని మన ఇళ్లలో తెలిసినవాళ్లు తక్కువ. అందుకే ఈ వార్షికోత్సవ సంచికలో ఆయన కథ చెప్పుకోవాలని మేము అనుకున్నాం. పొగడ్త కోసం రాయడం లేదు. కూలి చాలక, నూలు ధర తాళలేక, పిల్లల్ని మగ్గం దగ్గర ఉంచాలా బడికి పంపాలా అని తేల్చుకోలేక ఈ రోజు మనం పడుతున్న అవస్థకు, నూరేళ్ల కిందట ఆయన చేసిన కొన్ని పనులకు దగ్గర సంబంధం ఉంది. అది చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

ముందు ఆ పేట సంగతి. మదరాసు పట్టణం పెరిగిందే బట్ట మీద. ఈస్టిండియా కంపెనీకి కావలసిన బట్ట నేయడానికి, ఉతకడానికి, అద్దకం వేయడానికి మనుషులు కావాలి. ఆ పని చేసేవాళ్లను పిలిపించి పట్టణం చుట్టూ ఊళ్లు కట్టించారు. తిరువొత్తియూరు దగ్గర కాలడిపేట అట్లా నేతగాళ్ల కోసం వెలసినదే. గవర్నరు కాలెట్ పేరు మన నోళ్లలో నలిగి కాలడి అయింది. 1734లో చింతాద్రిపేట కట్టించింది కూడా నేసేవాళ్ల కోసం, వడికేవాళ్ల కోసం. మగ్గం దిగిన బట్టను ఉతికి తెల్లగా చేసేవాళ్లు ఉన్న చోటు చాకలిపేట అయింది. తెలుగు నేల నుంచి దేవాంగులు, సాలెవాళ్లు ఇంత దూరం వచ్చి ఈ పేటల్లో స్థిరపడడానికి కారణం ఆ మగ్గం కూడే.

పిట్టి వారిది అట్లాంటి తెలుగు దేవాంగ కుటుంబం. త్యాగరాయ చెట్టిగారు 1852 ఏప్రిల్ 27న చెంగల్పట్టు జిల్లాలో పుట్టారు. మదరాసు ప్రెసిడెన్సీ కాలేజీలో చదివి 1876లో బి.ఏ. పట్టా పుచ్చుకున్నారు. ఆ రోజుల్లో బి.ఏ. చదివినవాడంటే కలెక్టరాఫీసులో మర్యాదగల ఉద్యోగం ఖాయం. ఆయన ఆ దారి పట్టలేదు. ఇంటి వ్యాపారం చేతికి తీసుకున్నారు. తోళ్లు, ఉప్పు వంటి వ్యాపారాలు కూడా చేసినా, అన్నిటికీ మొదలు మాత్రం నేతే.

ఆ నేత అప్పుడు ఎట్లా ఉండింది? లాంకషైరు మిల్లుల బట్ట ఓడల్లో దిగి, మన సంతల్లో మనం నేసిన బట్టకంటే చవగ్గా అమ్ముడుపోతూ ఉండింది. ఇంటి రాట్నం మూలకు చేరింది. నేతగాడు నూలు కోసం కూడా మిల్లు వైపే చూడాల్సి వచ్చింది. నూలు ధర పెరిగితే మనకు నష్టం, బట్ట ధర తగ్గినా మనకే నష్టం. షావుకారి దగ్గర అడ్వాన్సు తీసుకున్నవాడు ఆ అప్పు తీరేదాకా ఇంకొకరికి నేయరాదు. ఈ మాటలు చదువుతుంటే నూట ఇరవై ఏళ్ల కిందటి సంగతిలాగా అనిపించదు కదా. పోయిన నెల మన వీధిలో జరిగినట్టే ఉంటుంది.

అయినా మిల్లు తినేయలేని సరుకు ఒకటి మన పక్క ఉండింది. అదే మదరాసు రుమాలు. పేరుకు రుమాలు గానీ చేతి గుడ్డ కాదు. ఎరుపు, నీలం, పసుపు గళ్లతో నేసిన పెద్ద బట్ట. అది లండను వ్యాపారుల చేతుల మీదుగా పడమటి ఆఫ్రికాకు పోయేది. ఇప్పటి నైజీరియాలో కలబారి అనే జనం దాన్ని నడుముకు చుట్టుకునేవాళ్లు. పెళ్లికీ చావుకూ అది లేకుండా జరిగేది కాదు. మన పడుగు రంగు, మన గంజి వాసన గుర్తుపట్టి మరీ కొనేవాళ్లంటారు. చాకలిపేటలో కూర్చుని నేసిన గళ్లను సముద్రం అవతల ఎవరో తల్లి తన బిడ్డ పెళ్లికి దాచిపెట్టుకునేది. నేసినవాడికి ఆమె తెలియదు, ఆమెకు నేసినవాడు తెలియడు. మధ్యలో ఉన్నవాళ్లు మాత్రం ఇద్దరినీ ఎరుగుదురు, లాభం వాళ్లదే.

చెట్టిగారు ఇక్కడే ఆలోచించారు. మగ్గం మీద మనిషికి గిట్టాలంటే పొద్దుటి నుంచి సాయంత్రం దాకా దిగే బట్ట పెరగాలి. పాత గుంట మగ్గంలో నాడెను ఈ చేత్తో విసిరి ఆ చేత్తో పట్టుకోవాలి. చేతులు ఎంత చాస్తే అంతే పన్నా. వెడల్పు బట్ట కావాలంటే ఇద్దరు కూర్చోవాలి. తాడు లాగితే నాడె తానే పరుగెత్తే మగ్గాన్ని ఇంగ్లండులో జాన్ కే అనేవాడు 1733లోనే కనిపెట్టాడు. మన దేశంలో మూలమూలకు అది చేరేసరికి 1900 దాటింది. మదరాసులో దాన్ని పట్టుదలగా వాడి చూపించిన మొదటివాళ్లలో చెట్టిగారు ఒకరు. ప్రభుత్వం తరఫున ఆల్‌ఫ్రెడ్ ఛాటర్టన్ అనే దొర కూడా అదే పని మీద తిరుగుతూ ఉండినాడు. చెట్టిగారు కొత్త మగ్గం మంచిదని చెప్పి ఊరుకోలేదు. సొంత డబ్బు పెట్టి ఒకే కప్పు కింద నూరు మగ్గాల దాకా నడిపించారు.   

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పుకోవాలి. కొత్త మగ్గం చూసి నేతగాళ్లందరూ సంబరపడలేదు. ఎక్కువ బట్ట దిగితే గజానికి ఇచ్చే కూలి తగ్గిస్తారేమో అని భయం. ఆ భయం ఉట్టిది కాదని మనకు తెలుసు. ఇంకో చిక్కు కూడా ఉంది. ఇంట్లో నేసేటప్పుడు ఇల్లాలు కండెలు చుడుతుంది, ముసలమ్మ చిలప విప్పుతుంది, పిల్లలు అతుకులు వేస్తారు. కూలి ఒక్కడి పేరున వచ్చినా పని ఇంటిల్లిపాదిదీ. షెడ్డుకు పోయి నేస్తే ఆ సాయం ఉండదు. గంట కొట్టినప్పుడు రావాలి, గంట కొట్టినప్పుడే పోవాలి. పండగ, జాతర, ఇంట్లో జబ్బు అంటే కుదరదు. సేలంలో ప్రభుత్వమే పెట్టిన నేత ఫ్యాక్టరీ ఎక్కువ కాలం నిలవకపోవడానికి ఇవి కూడా కారణాలే. చెట్టిగారి పద్ధతి అందరికీ సరిపోయిందని మేము అనడం లేదు. కానీ ఆ నాడె మాత్రం నిలిచింది. షెడ్లు పోయినా తాడు మగ్గం ఇళ్లల్లోకి వచ్చింది. మన తాతలు నేసింది దాని మీదే.

వ్యాపారంతో పాటు ఆయన ఊరి పనుల్లో కూడా మునిగిపోయారు. 1882 నుంచి దాదాపు నలభై ఏళ్లు మదరాసు కార్పొరేషనులో సభ్యుడుగా ఉన్నారు. నలభై ఏళ్లంటే ఆషామాషీ కాదు. మురికి కాలవలు, మంచినీళ్లు, దీపాలు, బడులు, ఇవే ఆ సభలో మాట్లాడాల్సిన విషయాలు. ఉత్తర మదరాసు పేటల్లో వాన పడితే గుంట మగ్గంలోకి నీళ్లు వస్తాయి, పడుగు తడిస్తే ఆ వారం కూలి పోతుంది. కాబట్టి కాలవ సంగతి నేతగాడికి కూడు సంగతే. దక్షిణ భారత వర్తక మండలికి కూడా ఆయన చాలా ఏళ్లు అధ్యక్షత వహించారు.

ఎంత పెద్దవాళ్ల మధ్య తిరిగినా వేషం మార్చలేదు. తెల్ల పంచె, తెల్ల కోటు, తెల్ల తలపాగా. గవర్నరు కొలువుకైనా అదే. అందుకే తమిళులు ఆయనను వెళ్లుడై వేందర్ అన్నారు, అంటే తెల్లబట్టల రాజు అని. రంగురంగుల రుమాళ్లు సముద్రాలు దాటించిన మనిషి తాను మాత్రం తెలుపు కట్టాడు.

రాజకీయాల్లో ఆయన మొదట కాంగ్రెసు మనిషే. ఉద్యోగాల్లో, చదువుల్లో, సభల్లో కొన్ని కులాలవాళ్లే నిండివుండడం, చేతిపనులవాళ్లు, సేద్యం చేసేవాళ్లు గడప బయటే నిలబడడం ఆయనకు మింగుడు పడలేదు. కార్పొరేషనులో ఆయనకూ డాక్టర్ టి.ఎం. నాయర్‌కూ పడేది కాదు. డాక్టర్ సి. నటేశ ముదలియారు ఇద్దరినీ కలిపారు. 1916 నవంబరులో మదరాసులో ముగ్గురి పూనికతో దక్షిణ భారత సంక్షేమ సంఘం పుట్టింది. దాని ఇంగ్లీషు పత్రిక పేరు జస్టిస్. ఆ పేరే పార్టీకి నిలిచిపోయింది. తమిళులకు ద్రావిడన్, మన తెలుగువాళ్లకు ఆంధ్ర ప్రకాశిక. మూడు భాషల్లో మాట్లాడితేనే మదరాసు రాజధాని అంతా వింటుందని వాళ్లకు తెలుసు.

1920 చివర్లో కొత్త చట్టం కింద జరిగిన మొదటి ఎన్నికల్లో 98 స్థానాల్లో 63 జస్టిస్ పార్టీకి వచ్చాయి. ముఖ్యమంత్రి పదవి చెట్టిగారి గుమ్మం దగ్గరికి వచ్చింది. ఆయన వద్దన్నారు. కడలూరు పక్కవారైన సుబ్బరాయలు రెడ్డియారు ఆ కుర్చీలో కూర్చున్నారు. ఆయన ఆరోగ్యం దెబ్బతిని తప్పుకుంటే పానగల్లు రాజా రామరాయణింగారు వచ్చారు. చెట్టిగారు మాత్రం పార్టీ పెద్దగా, కార్పొరేషను అధ్యక్షుడుగా ఉండిపోయారు. ఆ కార్పొరేషనుకు ప్రభుత్వ ఉద్యోగి కాని మొదటి అధ్యక్షుడు ఆయనే.

ఇప్పుడు మేము అసలు చెప్పదలచుకున్న చోటికి వచ్చినాం.

కార్పొరేషను బడులు ఉండేవి, పంతుళ్లు ఉండేవాళ్లు, పిల్లలు మాత్రం వచ్చేవాళ్లు కాదు. పేదవాడి బిడ్డ బడికి వస్తే ఇంట్లో ఒక చేయి తగ్గుతుంది, మధ్యాహ్నం ఆకలి మాత్రం తగ్గదు. కూలి పనికి పోతే కనీసం అక్కడ గంజి అయినా దొరుకుతుంది. ఈ లెక్క ఏ తల్లికైనా తెలుసు. చెట్టిగారు అధ్యక్షుడుగా ఉండగా 1920 సెప్టెంబరు 16న కార్పొరేషను సభ ఒక తీర్మానం చేసింది. థౌజండ్ లైట్స్ బడిలో చదివే పిల్లలకు మధ్యాహ్నం పూట ఆహారం పెట్టాలి, ఖర్చు పిల్లవాడికి రోజుకు ఒక అణాకు మించరాదు. అంతే ఆ తీర్మానం. రూపాయిలో పదహారో వంతు.

ఆ ఒక్క అణాకు ఏమి జరిగిందో లెక్క ఉంది. పథకాన్ని మరి నాలుగు బడులకు పెంచారు. 1922-23లో 811 మంది ఉన్న పిల్లలు 1924-25కు 1,671 మంది అయినారు. రెట్టింపు. కొత్త భవనం కట్టలేదు, దండోరా వేయలేదు, తల్లిదండ్రులను తిట్టలేదు. కడుపుకు పెట్టారు, పిల్లలు వచ్చారు.

అది నిలవలేదు. ప్రాథమిక విద్య నిధి నుంచి ఈ ఖర్చు పెట్టరాదని ప్రభుత్వం అడ్డం చెప్పింది. 1925 ఏప్రిల్ 1 నుంచి ఆ భోజనం ఆగిపోయింది. అదే నెల 28న చెట్టిగారు కన్నుమూశారు. 73 ఏళ్లు నిండిన మరునాడు. ఆ చివరి రోజుల్లో ఆయన మనసులో ఏముందో మనం ఊహించి రాయకూడదు. కానీ ఆ రెండు తేదీలు పక్కపక్కన చూసినప్పుడు మాకు గొంతు పట్టేసింది.

తర్వాతి సంగతి మనకు తెలిసిందే. 1927లో కార్పొరేషను మళ్లీ మొదలుపెట్టింది. 1956లో కామరాజుగారు రాష్ట్రమంతా మధ్యాహ్న భోజనం తెచ్చారు. 1982లో ఎం.జి.ఆర్. దాన్ని పెద్దది చేశారు. 2022 సెప్టెంబరులో బడిపిల్లలకు పొద్దుటి టిఫిను పథకం వచ్చినప్పుడు ప్రభుత్వ ఉత్తర్వులో 1920 నాటి ఆ తీర్మానాన్ని గుర్తుచేసుకున్నారు. తిరుత్తణి పక్క అయినా, పళ్లిపట్టు పక్క అయినా, మన గుమ్మిడిపూండి పక్క అయినా బడిలో ఉప్మా తింటున్న ప్రతి బిడ్డ పళ్లెంలో ఆ పాత అణా ఉంది.

మంచి చెప్పినాం కాబట్టి కొరత కూడా చెప్పాలి. 1921లో బకింగ్‌హాం, కర్నాటక్ మిల్లుల్లో నెలల తరబడి సమ్మె జరిగింది. పోలీసు కాల్పుల్లో కూలీల ప్రాణాలు పోయాయి. కార్మికుల్లోనే కులాల మధ్య చీలిక వచ్చి గుడిసెలు కాలినాయి. అప్పుడు అధికారంలో ఉన్నది చెట్టిగారి పార్టీయే. కూలీలందరినీ ఒక్క తాటి మీద నిలబెట్టడం ఆ పార్టీ వల్ల కాలేదు. ఆది ద్రావిడుల నాయకుడు ఎం.సి. రాజాగారు కొంతకాలానికి పార్టీ విడిచిపోయారు. కులం గడప బయట నిలబెట్టిన అవమానం ఎరిగిన పార్టీ, తనకంటే కింద నిలబెట్టబడినవాళ్లను దగ్గరికి తీసుకోలేకపోయింది. ఇది నూరేళ్ల నాటి నింద కాదు, మనకు ఈనాటి పాఠం. మన సమాఖ్యలో కూడా సొంత మగ్గం ఉన్నవాడి మాట ఒకటి, కూలికి నేసేవాడి మాట ఒకటి అయిపోతే మనకూ అదే గతి.

ఇప్పుడు మన సంగతి చూడండి. పొదటూరుపేట, అమ్మయ్యార్‌కుప్పం పక్కలంతా మరమగ్గాల చప్పుడు. చేతిమగ్గాలు ఒక్కొక్కటిగా గుంటలు పూడ్చుకుంటున్నాయి. 1985లో చేతిమగ్గానికంటూ కొన్ని రకాలు కేటాయించే చట్టం వచ్చినా సంతలో దొరికేదంతా ఏ మగ్గం మీద నేసిందో కొనేవాడికి తెలియదు. కరెంటు మగ్గం పెట్టినవాళ్లు సుఖపడ్డారా అంటే అదీ లేదు. నూలు ధర, కరెంటు బిల్లు, అప్పు వడ్డీ పోగా మిగిలేది లెక్క వేసి చెప్పుకోవడానికి సిగ్గు. ఎలవూరు చుట్టుపక్కల మన పడుచువాళ్లు గుమ్మిడిపూండి సిప్‌కాట్‌కో, సరిహద్దు దాటి శ్రీసిటీకో కాంట్రాక్టు పనులకు పోతున్నారు. షిఫ్టు బస్సు వస్తే పని, రాకపోతే ఇల్లు. మగ్గం వదిలి పోయినవాడు చెడిపోయినాడని మేము అనం. కూడు ఎక్కడ ఉంటే అక్కడికి పోవడం మన వంశంలోనే ఉంది, మన తాతలు ఆంధ్రా నుంచి ఇక్కడికి వచ్చింది అందుకే.

చెట్టిగారి బతుకు నుంచి మేము నేర్చుకున్నవి మూడు. పనిముట్టు మారితే భయపడి మూల కూర్చోకూడదు, కానీ మారిన పనిముట్టు వల్ల వచ్చే లాభంలో కూలి భాగం ముందే మాట్లాడుకోవాలి. ఊరి సభలో మనవాడు ఒకడు ఉండాలి, ఉన్నవాడు కాలవ గురించి, బడి గురించి మాట్లాడాలి. ఇక మూడోది, పిల్లవాడిని బడికి రమ్మనే ముందు వాడి కడుపు సంగతి, వాడి ఇంటి కూలి సంగతి చూడాలి.

మా చిన్నప్పుడు మా ఇళ్లల్లో ఆడపిల్లలు కండెలు చుట్టి చుట్టి బడి మానేసినారు. వేళ్ల మధ్య నూలు కోసిన గీతలు వాళ్లకు ఇప్పటికీ ఉన్నాయి. వాళ్లలో ఒక అక్కకు ఆరో తరగతి పుస్తకం ఇప్పటికీ ట్రంకు పెట్టెలో ఉంది. ఆ పుస్తకానికి వేసిన అట్ట కూడా ఇంట్లో దిగిన గళ్ల గుడ్డే. ఆమె చేసిన పనికి ఆ రోజు కూలి ఎవరూ లెక్క కట్టలేదు.

కాబట్టి ఈ వార్షికోత్సవం నాడు పూలదండలు వేయడంతో ఆగవద్దని మన కుటుంబాలన్నిటినీ వేడుకుంటున్నాం. ఏప్రిల్ 27న చెట్టిగారి పుట్టినరోజుకు ప్రతి ఊళ్లో మన వాళ్లు ఒక చోట కూర్చుని రెండు లెక్కలు రాయాలి. ఒకటి, ఆ ఊళ్లో ఏ రకం బట్టకు ఎంత మజూరీ ఇస్తున్నారో, అందులో ఇంటి ఆడవాళ్ల పని ఎంతో. రెండోది, బడి ఈడు పిల్లల్లో ఎందరు బడికి పోతున్నారో, ఎందరు మానేసినారో, ఎందుకు మానేసినారో. అన్ని ఊళ్ల లెక్కలూ సమాఖ్య దగ్గర చేరితే, ప్రభుత్వం ముందు కూర్చున్నప్పుడు మన చేతిలో కాగితం ఉంటుంది. ఒక బడితో, పిల్లవాడికి ఒక అణాతో మొదలైన పని ఎంత దూరం పోయిందో చూసినాం కదా. మన లెక్క కూడా ఒక ఊరితో, ఒక పుస్తకంతో మొదలుపెడదాం.